అప్‌డేట్: మ్యూజియం వ్యాగన్ యాక్సిల్ బాక్స్ వేడెక్కడానికి కారణం దొరికింది

వాలంటీర్ల పనిరోజున పాత నాలుగు చక్రాల రైలు వ్యాగన్‌ని కొంచెం దూరం నడిపితే చాలు, ఒక యాక్సిల్ బాక్స్ (ఇరుసు చివర ఉండే నూనె పెట్టె) చెయ్యి పెట్టలేనంత కాలుతోందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

"నూనె మార్చేముందు అడుగున నీళ్లున్నాయేమో చూడండి" అన్న మాటే నిజమైంది. మూత తీస్తే పైకి నూనె నిండుగానే కనిపించింది. సన్నగొట్టం అడుగుదాకా దించి లాగితే ముందు నీళ్లు, తర్వాత మజ్జిగలా తెల్లబారిన నూనె. నూనె కన్నా నీళ్లు బరువు కాబట్టి అడుగున చేరాయి. నూనెని పైకి అందించాల్సిన ప్యాడ్ వత్తులు ఆ నీళ్లనే పీల్చి జర్నల్‌కి (బాక్స్‌లో తిరిగే ఇరుసు కొసకి) అందించాయి. బాక్స్ వెనకాల దుమ్ము, నీళ్లు రాకుండా ఆపే డస్ట్ గార్డ్ చీలి ఉంది, వాన నీళ్లకి దారి అదే.

ఫిట్టర్ దగ్గరుండి చక్రాలకి దిమ్మలు అడ్డుపెట్టించి, బాక్స్ కింద జాకీ ఎత్తించి బ్రాస్ (జర్నల్ మీద ఆనే బేరింగ్ ముక్క) తీయించారు. దాని లోపలి మెత్తని లోహపు పూత (వైట్ మెటల్) అంచున కాస్త పూసుకుపోయింది, గీకి సరిచేశారు. జర్నల్ మీద గోటికి తగిలే గీత లేదు. ఉంటే చక్రాల జత లేత్‌కి వెళ్లాల్సిందే. బాక్స్ కిరోసిన్‌తో కడిగి, పోగులు రాలని గుడ్డతో తుడవాలి. ఒక్క పోగు బ్రాస్ కిందికి పోయినా మళ్లీ వేడే. కొత్త ప్యాడ్‌ని రోజంతా నూనెలో నానబెట్టాకే పెట్టారు. డస్ట్ గార్డ్ మార్చడానికి బాక్స్ మొత్తం బయటికి లాగాల్సి వచ్చింది, ఒక్క పూటలో తేలే పని కాదు.

నూనె గ్రేడ్‌కి దీంతో సంబంధం లేదు. బ్రేక్ పట్టేస్తోందన్న అనుమానమూ తప్పే: అలాగైతే చక్రం అంచు కాలాలి, అది చల్లగానే ఉండేది.

ఇప్పుడు నాలుగు బాక్సులూ ఒకేలా గోరువెచ్చగా ఉంటున్నాయి.