పెద్దన గారి కటకం ఎక్కడుంది?

అడయార్: పెద్దన గారి మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయాన్ని చూసే పద్యం ఉంది కదా, నిన్నటి నుంచి అందులో ఒక పాదం వదలట్లేదండి. ఎత్తుల్ని రంగుల్లో చూపించే మ్యాపులో బారెన్ ద్వీపం చూస్తున్నాను, అదే, మన చెన్నై మెరీనాకి తూర్పున అండమాన్ సముద్రంలో ఉన్న అగ్నిపర్వతం. చుట్టూ గోడలా కొండ, పడమట మాత్రం సముద్రంలోకి తెరుచుకుంది, మధ్యలో శంకువు. పక్కకి తిప్పి ఆ గోడ వాలు చూడగానే "చరత్కరేణు కర కంపిత సాలము" నోటికొచ్చింది, అదే, తిరిగే ఏనుగుల (కరేణువుల) తొండాలకి ఊగే మద్దిచెట్లు. దాని ముందు తటమా, కటకమా? పెద్దన గారు చెప్పింది ఇలాంటి వాలేనా?

మైలాపూర్: కటకమే. తటం పెడితే ప్రాస నిలుస్తుంది గానీ చంపకమాలలో రెండో గణం జగణం కాకుండా పోతుంది, యతీ చెడుతుంది. సరళాదేశంతో క కాస్తా గ అయి "గటక" అయినా "కంపిత"లో కంకి యతి సరిపోయింది. అర్థానికి అమరకోశం చాలు: "కటకోఽస్త్రీ నితంబోఽద్రేః", కటకమంటే కొండ నితంబం, అంటే నడుము దగ్గరి వాలు. ఇంక చర్చేముంది?

తాంబరం: ఎందుకు లేదు సార్? కటకమంటే కడియం కూడా. బారెన్ గోడ అచ్చం నోరు తెరిచిన కడియమే. కాల్డెరాకి, అంటే అగ్నిపర్వతం కుంగి ఏర్పడ్డ పెద్ద గుంటకి, తెలుగులో ఈ మాటే ఖాయం చేసుకోవాలని నేను ఎప్పటినుంచో అంటున్నాను.

మైలాపూర్: మీ మాట మీరు కల్పించుకోండి, పద్యానికి మాత్రం తగిలించకండి. ఏనుగులు మద్దిచెట్లు ఊపుతూ తిరగాలంటే వాలు కావాలి.

వేలచ్చేరి: వాలన్నా ఎంత వాలు? ఈ మ్యాపులు చాలావాటిలో ఎత్తుని రెండు మూడు రెట్లు సాగదీస్తారు, ఆ సెట్టింగ్ ఒకటికి తెచ్చి చూడండి. హవాయిలో మౌనా లోవా అగ్నిపర్వతం 4,169 మీటర్లు, అయినా బోర్లించిన డాలులా పరుచుకుని ఉంటుంది, పలచటి లావా చాలా దూరం పారి గడ్డకట్టింది కాబట్టి. కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, అలా ఎడంగా ఉన్నచోట ఏనుగు తిరుగుతుంది, ఒకదాని మీద ఒకటి పడ్డచోట కాదు. ఇంకో మాట, నితంబం అన్నప్పుడు కొండ మొదలు ఎక్కడ? హవాయిలోదే మౌనా కేయా నీటి పైన 4,207 మీటర్లు, సముద్రం అడుగు నుంచి కొలిస్తే 10 వేలు దాటుతుంది. బారెన్ కూడా అడుగు నుంచి రెండు కిలోమీటర్లకు పైగా లేచింది, పైకి కనిపించేది దాదాపు 350 మీటర్లే. అడయార్ గారు చూసింది నడుము కాదు, తల. కటకం నీళ్ళలో ఉంది.

తాంబరం: అయితే అదే పద్యంలో "అంబరచుంబి శిరస్", ఆకాశాన్ని ముద్దాడే శిఖరం, అన్నదీ ఎక్కణ్ణుంచి కొలవాలో చెప్పాలమ్మా.

మైలాపూర్: పెద్దన గారు కొలవలేదు, వినిపించారు. "ముహుర్ముహుర్లుఠ దభంగ తరంగ మృదంగ నిస్వన" పైకి చదవండి, నీళ్ళు దొర్లడం చెవికి తెలుస్తుంది. నెమళ్ళు ఆడేది ఆ మోతకే.

అడయార్: అది సరేనండి, మరి మ్యాపులో ఆ గోడ బయటి వాలుని ఏమనాలి? సానువు అనొచ్చా?

తాంబరం: సానువంటే పైన చదునుగా ఉండేది కదా. ముందు ఆ కరేణువు ఆడదా మగదా తేల్చండి, అమరంలో రెండూ ఉన్నాయి.