ఆరో తరగతి భూగోళం: ఊరి పటంతో మొదలుపెట్టాలా, గ్లోబుతోనా?

పాలమూరు సాంఘికశాస్త్రం:
మా సర్కారు బడిలో ఆరో తరగతికి మొదటి రెండు వారాలు గ్లోబు ముట్టుకోను. బడి నుంచి చెరువు కట్ట దాకా పిల్లలతో అడుగులు లెక్కపెట్టించి, ఇరవై అడుగులకు ఒక సెంటీమీటరు చొప్పున ఊరి పటం గీయిస్తాను. దిక్కు, దూరం, స్కేలు, గుర్తులు ఆ ఒక్క పటంలోనే పిల్లల చేతికి వస్తాయి. మొన్న ఒక తండ్రి వచ్చి, ఊరు మా పిల్లలకు తెలియనిదా, ప్రపంచం చెప్పండి అన్నారు. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

దేవరకొండ తండ్రి:
ఆయన అడిగింది న్యాయమే. నేను చదివిన బడిలో గ్లోబు పదో తరగతి దాకా బీరువాలోనే ఉండిపోయింది. తర్వాత ఒక ఉద్యోగ పరీక్షలో రెండు ఊళ్ల రేఖాంశాలిచ్చి కాలంలో తేడా ఎంత అని అడిగితే, డిగ్రీకి నాలుగు నిమిషాలన్న చిన్న సంగతి తెలియక ఆ ప్రశ్న వదిలేశాను, ఒక్క మార్కుతో ఉద్యోగం పోయింది. పైగా పిల్లలందరి అడుగూ ఒక్కటే కాదు కదా, అడుగులతో గీసిన పటానికి స్కేలు ఎక్కడిది?

మిర్యాలగూడ:
ఉత్తరం అంటే పైన అని చెప్పడం ముందు మానాలి. తుంగభద్ర ఈశాన్యంగా పారి ఆలంపూర్ దగ్గర కృష్ణలో కలుస్తుందని చెబితే, నది పైకి ఎట్లా ఎక్కుతుందని మా పాప అడిగింది.

మర్రిగూడ ఆడబిడ్డ:
మాకు గ్లోబు చూపించారు, ఖండాల పేర్లు వల్లె వేయించారు. మా తాత నడుము ఎందుకు వంగిపోయిందో, మా పళ్ల మీద గోధుమరంగు చారలు ఎందుకు పడ్డాయో మాత్రం ఏ తరగతిలోనూ చెప్పలేదు. కాళ్ల కింది గ్రానైటు రాయిలోని ఫ్లోరైడు బోరు నీళ్లలోకి దిగుతుందనీ, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లూ ఎముకలూ చెడతాయనీ పెళ్లయ్యాక తెలుసుకున్నాను. రాయి, నీరు, మనిషి ఎట్లా ముడిపడ్డారో చెప్పనిది భూగోళం ఎట్లా అవుతుంది?

దేవరకొండ తండ్రి:
నేను స్కేలు గురించి అడిగితే మీరు ఫ్లోరైడు గురించి చెబుతున్నారు.

పాలమూరు సాంఘికశాస్త్రం:
ప్రతి పిల్లవాడూ ముందు తన పది అడుగులను టేపుతో కొలుచుకుంటాడు. ఇద్దరి పటాలు ఎందుకు కలవలేదో వాళ్లే వెతుకుతారు, స్కేలు పాఠం అక్కడే మొదలవుతుంది.

మర్రిగూడ ఆడబిడ్డ:
ఒక్క మార్కు పోయిన బాధ పెద్దదే, కాదనను. మా ఊరిలో పోయినవి నడుములు.

దేవరకొండ తండ్రి:
నా బాధను తక్కువ చేయకండి. అసలు సంగతి చెబుతాను. పట్నంలో ఫీజులు కట్టే పిల్లలకు మొదటి రోజే ప్రపంచపటం, మా పిల్లలకు చెరువు కట్ట. ఈ ఊరే వీళ్లకు చాలునని ఎవరో ముందే తీర్మానించినట్లు ఉంటుంది. పాలమూరు కూలీలు బొంబాయి దాకా వలసపోయారు, ఆ దారిని పటం మీద వాళ్లకు చూపించిన బడి ఏది?

పాలమూరు సాంఘికశాస్త్రం:
ఈ మాట మీరు మొదటే అనవలసింది. మా నాన్న కూడా వలస కూలీయే. ఆగస్టు మొదటి వారంలో ఒక రోజు సూర్యుడు మన నెత్తి మీదికి వచ్చి, బడి ఆవరణలో నిలువుగా నాటిన కర్ర నీడ మాయమవుతుంది. ఆ క్షణం గడియారంలో పన్నెండుకు రాదు, ఇరవై నిమిషాలు దాటాక వస్తుంది. ఆ ఆలస్యంలో 18 నిమిషాలు రేఖాంశానివే, ఎందుకంటే దేశమంతటా మన గడియారం నడిచేది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాలంతో, మన మహబూబ్‌నగర్ 78 డిగ్రీల దగ్గర ఉంది. మీరు వదిలేసిన ప్రశ్నను మా పిల్లలు ఆ కర్ర దగ్గర చేస్తారు.

దేవరకొండ తండ్రి:
అయితే ఆగస్టు దాకా ఆగడం దేనికి? గ్లోబును మొదటి రోజే బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టండి. రెండు వారాలు ఎక్కువే అని ఇప్పటికీ అంటాను.