రోజుకి 50 ఇంగ్లీషు మాటలు బట్టీ కొట్టిస్తున్నారు, పనికొస్తుందంటారా?

కాలవగట్టు: మాది పి.గన్నవరమండి. మా అమ్మాయి బ్యాంకు పరీక్షలకి చదువుతోంది. కోచింగులో రోజుకి 50 మాటలు అర్థాలతో అప్పజెప్పించుకుంటున్నారు. సోమవారం నేర్చినవి ఆదివారానికి గోదాట్లో కలిసిపోతున్నాయి. దానికన్నా ఇంగ్లీషు పేపరు చదివిస్తే నయమా?

పాత మాస్టారు: బట్టీని అంత తేలిగ్గా తిట్టకండి. సాయం లేకుండా చదవాలంటే పేజీలో నూటికి 98 మాటలు తెలిసుండాలనీ, దానికి ఎనిమిది తొమ్మిది వేల పదకుటుంబాలు (ఒక మాటా, దాన్నుంచి వచ్చే రూపాలూ కలిపి ఒక కుటుంబం) కావాలనీ భాషా పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో లెక్క తేల్చాడు. వరసకో మాట అడ్డుపడే పిల్ల చేతిలో సంపాదకీయం పెడితే నిద్రొస్తుంది. కాకపోతే 50 మరీ ఎక్కువ. 15 చాలు. వాటినే మర్నాడు, మూడోరోజు, వారానికి మళ్ళీ అడగండి.

రొయ్యలచెరువు: మాస్టారూ, నేనొప్పుకోనండి. పదో తరగతి ఇంగ్లీషు రెండోసారికి గట్టెక్కినోణ్ణి. ఓ రాత్రి చెరువులో రొయ్యలు పైకి తేలిపోయాయి. నీళ్ళ రిపోర్టులో 'డిజాల్వ్‌డ్ ఆక్సిజన్' తక్కువని ఉంది. డిజాల్వ్ అంటే కరగడమని, నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు తిప్పుతూ నేర్చుకున్నాను, చచ్చినా మర్చిపోను. ఆ తర్వాత వార్తల్లో అసెంబ్లీ డిజాల్వ్ అన్నారు. ఇదెక్కడ కరిగిందిరా బాబూ అనుకున్నా! రద్దు చేయడమూ అదే మాటని అప్పుడు తెలిసింది. మీ లిస్టులో ఒక మాటకి ఒకటే అర్థం ఉంటది కదండీ.

లంకమామిడి: కాలవగట్టు గారూ, మీ ఊళ్ళో అక్విడక్టు పెట్టుకుని లిస్టులెందుకండీ? గోదారి పాయ వైనతేయ మీదుగా కాలవని అవతలి ఒడ్డుకి దాటించేది అదేగా. లాటిన్‌లో 'ఆక్వా' అంటే నీరు, 'డక్ట్' అంటే నడిపించుకెళ్ళడం. ఆ డక్టే కండక్టరులో ఉంది, ప్రొడక్టులో ఉంది. ఒక వేరు లాగితే గుత్తి మొత్తం వస్తుంది. అన్నట్టు, ఇంగ్లీషులో 'బాండికూట్' మన పందికొక్కేనండోయ్! చేలో గట్లకి బొక్కలు పెట్టి, వాళ్ళ నిఘంటువులోకీ దూరింది.

పాత మాస్టారు: వేర్లు బాగానే ఉంటాయమ్మా, నమ్మితే ఒక్కోసారి ముంచుతాయి. 'ఇన్' అంటే 'కాదు' అనుకున్నవాడు ట్యాంకరు మీద 'ఇన్‌ఫ్లేమబుల్' అని చూసి పక్కనే బీడీ ముట్టిస్తాడు. అది భగ్గున మండేదని అర్థం. రొయ్యల బాబు చెప్పిందాంట్లో మాత్రం సగం ఒప్పుకుంటాను. మాట పక్కన అర్థం కాదు, వాక్యం రాయించండి.

రొయ్యలచెరువు: సగమైనా ఒప్పుకున్నారు, చాలండి ఆయ్.

కాలవగట్టు: నిన్నట్నుంచి 15కి దిగామండి, ఒక్కోదానికీ ఒక వాక్యం. కండక్టరు సంగతి చెబితే అమ్మాయి నవ్వింది. కోచింగులో ఈ మాట చెప్పే ధైర్యం మాకు లేదు. అక్కడికి మాత్రం నోటుబుక్కులో 50 రాసుకునే వెళ్తోంది.