కింది అంతస్తులకు ప్రెషర్ తగ్గించడానికి గేట్ వాల్వు సగం మూస్తే చాలదా, పీఆర్వీ (ప్రెషర్ తగ్గించే వాల్వు) పెట్టాల్సిందేనా?

బి బ్లాక్ కార్యదర్శి:
మాది 18 అంతస్తుల అపార్ట్‌మెంట్. మూడో అంతస్తు కుళాయిల నుంచి పైట్యాంకు నీటిమట్టం దాకా దాదాపు 50 మీటర్లు. రెండు నెలల్లో నాలుగు ఫ్లాట్లలో వాష్‌బేసిన్ కింది ఫ్లెక్సిబుల్ పైపులు పగిలాయి, నాలుగూ రాత్రిపూటే. ఒకరింట్లో తెల్లారి లేచేసరికి హాలంతా నీళ్లు. ప్లంబర్ వచ్చి కిందికి దిగే లైన్లో గేట్ వాల్వు సగానికి పైగా మూసి వెళ్లాడు. కమిటీలో కొందరు అదే చాలంటున్నారు, కొందరు పీఆర్వీ పెట్టాల్సిందే అంటున్నారు.

పైపులపని 22 ఏళ్లు:
చాలండీ. ఎన్నో బిల్డింగుల్లో ఇలాగే చేశాను. పీఆర్వీ పెట్టినచోట బోరునీళ్ల ఇసుక, సున్నం పట్టేసి ఏడాది తిరక్కుండానే మొరాయించింది. గేట్ వాల్వులో పీఆర్వీలోలా స్ప్రింగు లేదు, డయాఫ్రమ్ (వంగే పలుచని పొర) లేదు. పాడవడానికి ఏముంది?

వాల్వుల ఇంజనీరు:
అన్నా, మీ అనుభవాన్ని కాదనను. కానీ పైపులు రాత్రిపూటే ఎందుకు పగిలాయి? సగం మూసిన వాల్వు నీళ్లు పారుతున్నంతసేపే ప్రెషర్ తగ్గిస్తుంది. ప్రవాహం సగమైతే ఆ తగ్గుదల నాలుగో వంతుకు పడిపోతుంది. పొద్దున నిమిషానికి 60 లీటర్లు పోతూ ప్రెషర్ 2 కేజీలు (చదరపు సెంటీమీటరుకు) తగ్గిందనుకోండి, 30 లీటర్లకు అర కేజీయే తగ్గుతుంది. అందరూ కుళాయిలు కట్టేసి పడుకుంటే సున్నా. అప్పుడు 50 మీటర్ల నీటి బరువు, అంటే 5 కేజీలూ, ఆ పైపుల మీదే. పీఆర్వీ అలా కాదు. అవతల ప్రెషర్ సెట్ చేసిన చోటికి రాగానే తనే మూసుకుంటుంది.

బి బ్లాక్ కార్యదర్శి:
మూడో అంతస్తులో గేజు పెట్టి చూశాం. ఉదయం 7కి 3 కేజీలు. రాత్రి 2 గంటలకు 5 కేజీలకు రవ్వంత తక్కువ.

పైపులపని 22 ఏళ్లు:
గేజు చూపించాక ఒప్పుకోక తప్పదు, ఇన్నాళ్లూ నేను పగటిపూటే చూశాను. కానీ పీఆర్వీ సీటు (లోపల మూత ఆనుకునే చోటు) మీద ఒక్క ఇసుకరేణువు ఇరుక్కుంటే అదీ పూర్తిగా మూసుకోదు. బొట్టు బొట్టుగా దిగి తెల్లారేసరికి అవతలా 5 కేజీలే. మరి అప్పుడేం చేస్తారు?

వాల్వుల ఇంజనీరు:
సరైన ప్రశ్న. అందుకే ముందు స్ట్రైనర్ (ఇసుకను ఆపే జల్లెడ), వెనక గేజు, 4 కేజీలకు తెరుచుకుని డ్రైనులోకి వదిలే రిలీఫ్ వాల్వు ఉండాలి. ఇవి లేకుండా పీఆర్వీ ఒక్కటే పెట్టడం నాకూ ఇష్టం లేదు. 5 నుంచి 2.5కి తగ్గించడానికి ఒకటి చాలు. పది కేజీల నుంచి తగ్గించాలంటే ఒకదాని తర్వాత ఒకటి రెండు పెట్టాలి, లేకపోతే లోపల ఆవిరి బుడగలు పుట్టి, పగిలి, లోహాన్ని తినేస్తాయి. ఇంకోమాట, సగం తెరిచి ఉంచిన గేటు అదిరి అదిరి అంచు అరుగుతుంది. నిజంగా కట్టెయ్యాల్సిన రోజు నీళ్లు ఆగవు.

ఐదో అంతస్తు గృహిణి:
మా అక్కావాళ్ల అపార్ట్‌మెంట్లో ఇవన్నీ ఉన్నాయండీ. స్ట్రైనర్ ఎవరూ కడగలేదు. నీళ్లు సన్నగా వస్తున్నాయని వాచ్‌మన్ పక్కనున్న బైపాస్ (పీఆర్వీని తప్పించి నీళ్లు నేరుగా పోయే లైను) తెరిచి వదిలేశాడు. వారంలో రెండు గీజర్లు కారాయి.

పైపులపని 22 ఏళ్లు:
నా భయం అదేనమ్మా. బైపాస్ బదులు పక్కన ఇంకో పీఆర్వీ పెట్టమనండి, ఒకటి కడిగేటప్పుడు రెండోది నడుస్తుంది. నన్నడిగితే మాత్రం తొమ్మిదో అంతస్తులో చిన్న ట్యాంకు కట్టి అక్కణ్నుంచి కిందికి ఇవ్వడమే మేలు.

బి బ్లాక్ కార్యదర్శి:
ట్యాంకుకు చోటు లేదండీ. జంట పీఆర్వీలకు షాఫ్టులో రేపు కొలతలు తీయిస్తాను. స్ట్రైనర్ నెలనెలా ఎవరు కడగాలన్నది ఆదివారం మీటింగులోనే తేలాలి.