ఒక కన్ను పోయిన నాన్నగారికి బండి తాళం తిరిగి ఇవ్వవచ్చా?

తెనాలి దగ్గర పల్లె నుంచి, కూతురు:
మా నాన్నగారికి 54 ఏళ్ళు. పోయిన కార్తీకంలో కోతల సమయాన వరి ఆకు కొస కుడికంటికి గీసుకుంది. తగ్గిపోతుందిలే అని రెండు రోజులు ఆగాం. ఆలోగా నల్లగుడ్డు మీద ఫంగస్ పుండు లేచి, మూడు నెలలు మందులు వేసినా చూపు నిలవలేదు. ఎడమకన్ను బాగానే ఉంది. ఇప్పుడు నాట్లు పడుతున్నాయి, పొలం మూడు కిలోమీటర్ల దూరం, మోటారు సైకిలు మీద తానే వెళతానని ఆయన పట్టుబడుతున్నారు. అమ్మ తాళం బీరువాలో దాచింది. అప్పటి నుంచి ఆయన అన్నం దగ్గర కూడా ఎవరితోనూ మాట్లాడటం లేదు. అమ్మ చేసింది సబబేనా? తెలిసినవారు చెప్పగలరు.

ఒంగోలు నుంచి, బస్సు డ్రైవరు:
అమ్మా, తాళం ఇవ్వవద్దు. మన దేశంలో ఎడమవైపు నడుపుతాం కాబట్టి దాటి వెళ్ళే బండీ, ఎదురొచ్చే బండీ రెండూ కుడిపక్క నుంచే వస్తాయి. మీ నాన్నగారికి చూపు లేనిది సరిగ్గా ఆ పక్కనే. రెండు కళ్ళతో అడ్డంగా సుమారు 180 డిగ్రీల మేర కనిపించేది ఒక కంటితో 150 డిగ్రీలకు తగ్గుతుంది, తగ్గిన ఆ భాగంలోనే లారీ ఉండవచ్చు. పైగా గుంత లోతు తప్పుగా అంచనా వేసి బండి మీద నుంచి పడి, ఉన్న ఆ ఒక్క కన్నుకు దెబ్బ తగిలితే ఏమిటి గతి? అలుక నాలుగు రోజుల్లో తీరుతుంది.

నెల్లూరు నుంచి, పదకొండేళ్ళుగా ఎడమకంటితోనే బతుకుతున్నవాడిని:
డ్రైవరుగారు చెప్పిన ప్రమాదాలన్నీ నిజమే, కాని అలుక అన్న మాటతో ఏకీభవించలేను. మొదటి ఏడాది నేను ఫ్లాస్కులోని టీ కప్పు పక్కన పోశాను, గచ్చు మెట్లు దిగేటప్పుడు చివరి మెట్టు కనబడక రెండుసార్లు పడ్డాను, ఎదురొస్తే శకునం బాగోలేదని ముఖం తిప్పుకున్నవారినీ చూశాను; వీటన్నిటికంటే బాధ పెట్టింది ఇంట్లోవాళ్ళు నన్ను అడగకుండానే నా పనులు మానిపించడం. దూరం తెలుసుకునే దారులు మెదడుకు ఇంకా ఉన్నాయి: దగ్గరి వస్తువు వెనుకదాన్ని కప్పుతుంది, తల కొంచెం కదిపితే దగ్గరిది ఎక్కువగా జరిగినట్టు కనిపిస్తుంది, నీడ సహాయపడుతుంది. అవి అలవడటానికి నెలలు పడతాయి. ఫ్లాస్కు మూతిని కప్పు అంచుకు ఆనించి పోయడం, మెట్ల అంచులకు పసుపు రంగు వేయించడం, మాట్లాడేవారిని చూపున్న వైపు కూర్చోమనడం నాకు ఎవరూ నేర్పలేదు. బండి విషయానికొస్తే, ఏడాది పాటు ముట్టుకోలేదు. తరువాత ఖాళీ మైదానంలో సైకిలు, ఆ తరువాత పగటిపూట కాలనీ వీధుల్లో స్కూటరు. ప్రతి మలుపులోనూ గడ్డం భుజానికి తగిలేదాకా తల తిప్పుతాను. రాత్రి మాత్రం నేటికీ నడపను.

హైదరాబాదు నుంచి, క్రికెట్ అభిమాని:
మన్సూర్ అలీ ఖాన్ పటౌడీకి 1961 జులైలో ఇంగ్లండులో కారు ప్రమాదంలో కుడికంటి చూపు పోయింది. అదే డిసెంబరులో టెస్టు ఆడారు, మరుసటి మార్చిలో 21 ఏళ్ళకే భారత జట్టుకు సారథి అయ్యారు, తరువాత మన హైదరాబాదుకు రంజీ కూడా ఆడారు. ఆయన బంతిని ఎదుర్కోగలిగితే మీ నాన్నగారు పొలం వెళ్ళలేరా?

నెల్లూరు:
దయచేసి ఆ ఉదాహరణతో ఎవరినీ తొందరపెట్టకండి. కూజాలోని నీళ్ళు గ్లాసులో పోయబోతే బల్ల మీద పడేవని పటౌడీయే రాసుకున్నారు. టోపీ కుడికంటి మీదికి దించుకుని, తన చూపుకు తగినట్టు ఆటనే మార్చుకున్నారు. అంచనా తప్పితే ఆయన వికెట్టు పోయేది. ఇక్కడ తప్పితే దారిన పోయే పిల్లవాడికి తగులుతుంది. లైసెన్సు సంగతి కూడా తేల్చుకోవాలి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ఫారం 1 ప్రకారం, అయిదేళ్ళకు తక్కువ కాకుండా లైసెన్సు ఉన్న తరువాత ఒక కన్ను పోయినవారు, 25 మీటర్ల దూరంలో నంబరు ప్లేటు చదవగలిగితే, స్టీరింగు వైపు బయటి అద్దం ఉన్న, రవాణాకు వాడని తేలికపాటి వాహనానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఒంగోలు:
ఆ వెసులుబాటులో రాసి ఉన్నది తేలికపాటి వాహనమని, స్టీరింగు వైపు అద్దమని. మోటారు సైకిలుకు స్టీరింగు చక్రమే లేదు కదా! రవాణా కార్యాలయంలో అడిగి తేల్చుకోకుండా బండి తీయవద్దు. అయితే, అలుక అనడం నాది పొరపాటు. ఆయనను అడగకుండా తాళం దాచడం నాకూ నచ్చలేదు.

కూతురు:
మీరు రాసినవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. కాలవ గట్టు మీద సైకిలుతో మొదలుపెడతానన్నారు, రాత్రి నడపకూడదన్నదీ ఒప్పుకున్నారు. ఏడాది ఆగడం మాత్రం ఒప్పుకోలేదు, సంక్రాంతి దాకానే అంటున్నారు. రవాణా కార్యాలయానికి సోమవారం ఇద్దరం వెళుతున్నాం. ఉన్న కన్ను కాపాడుకోవడానికి తేలిగ్గా పగలని పాలీకార్బొనేట్ అద్దాలు పెట్టుకోమంటే పొలంలో చెమటకు నిలవవంటున్నారు. నెల్లూరు అన్నగారూ, వెనుక తాడు కట్టుకునే రకం మీరెప్పుడైనా వాడారా?