ఏరేటరు ఫ్లోటు: సర్ఫేసులు సాలిడ్‌గా మారడం లేదు

ప్రశ్న (కావలి నుంచి):
పెద్దలకు నమస్కారం. మా ప్రాంతపు రొయ్యల చెరువుల్లో వాడే ఏరేటరు (నీటికి గాలి అందించే యంత్రం) ఫ్లోటును, అంటే దాన్ని తేల్చే భాగాన్ని, రైనో అనే త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీస్తున్నాను. 12 సర్ఫేసులను (ఉపరితల ముక్కలను) జాయిన్ చేసినా ఓపెన్ పాలీసర్ఫేసు (ఇంకా ఖాళీ ఉన్న ఆకారం) అనే చూపుతోంది, క్యాప్ ఆదేశమూ పనిచేయలేదు. సాలిడ్ (పూర్తిగా మూసుకున్న ఆకారం) కానిదే అది ఎంత బరువును తేల్చగలదో లెక్క తేలదు.

జవాబు (ఒంగోలు నుంచి):
క్యాప్ సమతలపు ఖాళీలనే మూస్తుంది కాబట్టి, వంపు తిరిగిన కొనను అది మూయలేదు. షోఎడ్జెస్ ఆదేశంలో నేకెడ్ ఎడ్జెస్ ఎంచుకుంటే జత కుదరని అంచులు రంగు మారి కనిపిస్తాయి. టాలరెన్సు (అంచుల మధ్య అనుమతించే ఎడం) 0.001 మి.మీ. ఉన్నప్పుడు 0.02 మి.మీ. ఎడం కూడా కలవదు. అలాగని టాలరెన్సు పెంచడం నాకు సమ్మతం కాదు. పక్క సర్ఫేసు అంచునే ఆధారంగా తీసుకుని ఆ భాగాన్ని మళ్లీ గీయండి.

జవాబు (చీమకుర్తి నుంచి):
జాయిన్‌ఎడ్జ్ ఆదేశంతో బలవంతంగా కలపవద్దండి. అది అంచులు కలిసినట్టు నమోదు చేస్తుందే తప్ప ఖాళీని పూడ్చదు. గ్రానైటు చెక్కడానికి నేను అలా పంపిన ఫైలు సి.ఎన్.సి. (కంప్యూటరు నడిపే యంత్రంతో చెక్కే) దశలో ఇబ్బంది పెట్టింది.

ప్రశ్న అడిగినవారు:
ఒక మూల రెండు సర్ఫేసులు ఒకదానిపై ఒకటి ఉన్నాయి. ఒకదాన్ని తొలగించి, కొనను మళ్లీ గీయగానే క్లోజ్డ్ పాలీసర్ఫేసు, అంటే సాలిడ్, వచ్చింది. ఇద్దరికీ కృతజ్ఞతలు.