ఐఎల్-6 ఎలైజాలో కంట్రోల్స్ అన్నీ కర్వ్ కిందే పడుతున్నాయి, సున్నా వేసేయొచ్చా?

సీరం_సందేహం:
అందరికీ నమస్తే. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్ల సీరంలోనూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ల (కంట్రోల్స్) సీరంలోనూ ఐఎల్-6 (వాపుని పెంచే ప్రోటీన్) ఎంతుందో మామూలు శాండ్‌విచ్ ఎలైజా (ప్రోటీన్‌ని రెండు యాంటీబాడీల మధ్య పట్టి రంగుతో కొలిచే పరీక్ష) కిట్‌తో చూస్తున్నాను. స్టాండర్డ్లు (కర్వ్ గీయడానికి వాడే తెలిసిన మోతాదులు) 500 నుంచి సగం చేసుకుంటూ 7.8 దాకా (మిల్లీలీటరుకు పికోగ్రాముల్లో). కంట్రోల్స్ దాదాపు అన్నీ 7.8 కిందే ఉన్నాయి, అయినా సాఫ్ట్‌వేర్ 1.2, 0.4 అని ఏవో అంకెలు ఇచ్చేస్తోంది, కొన్నిటికి ఖాళీ. పేషెంట్లలో ఇద్దరికి మాత్రం 400 దాటింది, వాళ్ల సీఆర్‌పీ (వాపు ఉంటే లివర్ వదిలే ప్రోటీన్) చూస్తే చాలా తక్కువ. మా సీనియర్ "కింద పడ్డవన్నీ సున్నా వేసి టీ టెస్ట్ (రెండు గ్రూపుల సగటులు పోల్చే లెక్క) చేసెయ్" అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది, కిట్ మార్చాలా?

పైపెట్_పని:
సున్నా మాత్రం వేయకండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఐఎల్-6 మామూలుగా కొద్ది పికోగ్రాములే, కాబట్టి మీ కిట్ చెడిపోలేదు, ఈ పనికి దాని చూపు ఆనదు, అంతే. సీఆర్‌పీని లీటరుకు మిల్లీగ్రాముల్లో చెప్తాం కదా, అందులో 1 అంటే మిల్లీలీటరుకు 10 లక్షల పికోగ్రాములు, మీరు వెతుకుతున్నది ఎంత చిన్నదో చూడండి. ఆ 0.4 ని అసలు నమ్మొద్దు, అడుగున కర్వ్ దాదాపు చదునుగా ఉంటుంది, అక్కడ ఓడీ (రంగు రీడింగ్) కాస్త అటూ ఇటూ అయినా అంకె ఎక్కడికో పోతుంది. హై సెన్సిటివిటీ ఎలైజా గానీ, ఎలక్ట్రోకెమిలూమినిసెన్స్ గానీ, డిజిటల్ ఎలైజా గానీ దొరికితే మళ్లీ చేయండి. దొరక్కపోతే ఎంతమందిలో కొలవగలిగాం, ఎంతమందిలో లేదు అని అలాగే రాసి, సెన్సార్డ్ డేటాకి (ఫలానా అంకె కన్నా తక్కువ అని మాత్రమే తెలిసిన డేటా) సరిపోయే టోబిట్ లాంటి పద్ధతి వాడండి. కొలవగలిగే లిమిట్‌లో సగం వేసే అలవాటు చాలామందికి ఉంది, ఒకటి రెండు శాంపిల్స్ అయితే సరే, గ్రూపు గ్రూపంతా కింద ఉంటే అది కల్పనే.

ప్లేట్_రీడర్:
నాకు ఆ 400 దాటిన ఇద్దరి మీదే అనుమానం. ఆర్థరైటిస్ పేషెంట్లలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఉంటుంది, అది యాంటీబాడీల తోకను, అంటే ఎఫ్‌సీ భాగాన్ని పట్టుకుంటుంది. ప్లేట్ మీది యాంటీబాడీని, పైన వేసే డిటెక్షన్ యాంటీబాడీని మధ్యలో ఐఎల్-6 లేకుండానే కలిపేస్తే రంగు వచ్చేస్తుంది. కిట్‌తో వచ్చిన డైల్యుయెంట్‌లోనే 2, 4, 8 రెట్లు పలుచన చేసి చూడండి, గుణించి వెనక్కి తెచ్చిన విలువ దాదాపు ఒకేలా ఉండాలి, పలుచన చేసేకొద్దీ మారిపోతుంటే అనుమానించాల్సిందే.

ఇంకోటి, వాళ్లు టోసిలిజుమాబ్ అనే ఆర్థరైటిస్ మందు మీద ఉన్నారేమో అడగండి. అది ఐఎల్-6 రిసెప్టార్‌ని మూసేస్తుంది, దాంతో ఐఎల్-6 రక్తంలోంచి పోయే దారి మూసుకుపోయి నిజంగానే పెరుగుతుంది, కానీ లివర్‌కి సిగ్నల్ అందక సీఆర్‌పీ పడిపోతుంది. మీరు చెప్పినదానికి ఇది అచ్చంగా సరిపోతుంది.

మైనస్_ఎనభై:
కొత్త కిట్‌కి డబ్బు పెట్టేముందు రక్తం తీశాక ఎంతసేపటికి సెంట్రిఫ్యూజ్ చేశారో కనుక్కోండి. ట్యూబులో కణాలు ఊరికే కూర్చోవు, గంటల తరబడి బల్ల మీద ఉంచితే ఐఎల్-8 లాంటి ప్రోటీన్లు పెరుగుతాయి, ఇక గడ్డ కట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు వీఈజీఎఫ్, టీజీఎఫ్ బీటా అనే ప్రోటీన్లు వదులుతాయి, అందుకే అవి కూడా చూసేవాళ్లు సీరం కన్నా ప్లాస్మాకే మొగ్గుతారు. పేషెంట్లవి వెంటనే తిప్పి కంట్రోల్స్‌వి సాయంత్రం దాకా ఆపితే, మీకు కనపడే తేడా జబ్బుదో ట్యూబుదో ఏ కిట్టూ చెప్పలేదు. ఎన్నిసార్లు కరిగించి మళ్లీ ఫ్రీజ్ చేశారన్నదీ అంతే. ప్రతి ప్లేట్‌లోనూ రెండు గ్రూపులూ కలిపి వేయండి, పక్కన ఒకే పూల్డ్ సీరం (చాలామందిది కలిపిన సీరం) పెట్టండి. పేషెంట్లు ఒక ప్లేటు, కంట్రోల్స్ ఒక ప్లేటు వేసిన డేటా ఎవరైనా రివ్యూకి పంపితే నేనైతే మిగతాది చదవను.

సీరం_సందేహం:
ఫైల్ చూశాను, ఇద్దరిలో ఒకరు టోసిలిజుమాబ్ మీదే ఉన్నారు! రెండోవాళ్ల మందుల వివరాలు లేవు, డాక్టర్ గారిని అడిగాను. ఒక్కొక్కరిది 150 మైక్రోలీటర్లే మిగిలింది, పలుచన చేసి చూడటానికి చాలా?

ప్లేట్_రీడర్:
ప్లేట్‌లో ఒక్కో గుంతకి (వెల్) 100 మైక్రోలీటర్లు వేసే కిట్ అయితే, డూప్లికేట్‌లో (రెండేసి గుంతల్లో) కూడా 2 రెట్లకి 100, 4 రెట్లకి 50 మైక్రోలీటర్ల సీరం పడుతుంది, అక్కడికే అయిపోయింది. కాబట్టి 2 వదిలేసి 4, 8 చేయండి, పలుచన చేయనిది ఎలాగూ మీ దగ్గర ఉంది. టోసిలిజుమాబ్ పేషెంట్‌ని మాత్రం విశ్లేషణలో విడిగా చూపించండి, మిగతావాళ్ల సగటులో కలపొద్దు.